చీటీ కాదు, సరుకే: పవర్‌షెల్ పుట్టిన కథ

ఒక్క కంప్యూటర్‌లో ఏదైనా మార్చాలంటే మౌస్ చాలు. విండో తెరిచి, ట్యాబ్ నొక్కి, గడిలో టిక్కు పెట్టి, ఓకే కొడితే పనైపోతుంది. అదే మార్పు రెండు వందల సర్వర్లలో చేయమంటే ఆ విండోను రెండు వందల సార్లు తెరవాలి. నూట ముప్పయ్యో సర్వర్ దగ్గర కళ్లు మూతలుపడి ఒక టిక్కు మరిచిపోతే, ఆ తప్పు ఎక్కడ దాక్కుందో తెల్లారాక వెతుక్కోవాలి. మౌస్‌తో నొక్కినదానికి ఎక్కడా రాత ఉండదు. నిన్న రాత్రి ఏం చేశావని అడిగితే చూపించడానికి ఒక్క వరుస కూడా మిగలదు.

2000వ సంవత్సరం నాటికి విండోస్ సర్వర్లను చూసుకునే సిస్టమ్ అడ్మిన్ల బతుకు ఇలాగే ఉండేది. విండోస్‌లో కమాండ్‌లు టైపు చేసే నల్ల తెర అప్పటికే ఉంది. కానీ అది డాస్ కాలం నుంచి వచ్చిన వారసత్వం. ఫైళ్లను కాపీ చేయడానికి, ఫోల్డర్లు చూడటానికి సరిపోయేది గానీ, పెద్ద సర్వర్‌ను నడిపే సత్తా దానికి లేదు. 1998లో వచ్చిన విండోస్ స్క్రిప్ట్ హోస్ట్‌లో వీబీస్క్రిప్ట్‌తో పెద్ద పనులు చేయవచ్చు. అయితే అందుకు పూర్తి ప్రోగ్రామ్ రాయాల్సిందే. ఒక వరుస కొట్టి, ఫలితం చూసి, రెండో వరుస కొట్టే వెసులుబాటు అందులో లేదు. ఒకటి మరీ చిన్న చాకు, మరొకటి మరీ పెద్ద రంపం. రోజువారీ పనికి సరిపడే కత్తి మాత్రం లేదు.

ఆ కత్తిని తయారుచేసింది జెఫ్రీ స్నోవర్ బృందం. దాని పేరు పవర్‌షెల్. ఇవాళ విండోస్ సిస్టమ్ అడ్మిన్‌గా ఉద్యోగంలో చేరే ఎవరికైనా ఇది తప్పనిసరి పాఠం. చాలామంది దీన్ని కమాండ్‌ల పట్టికగా బట్టీపట్టి, రెండు వారాల్లో మరిచిపోతారు. ఇది ఎందుకు ఇలా పుట్టిందో తెలిస్తే బట్టీ అక్కర్లేదని నా నమ్మకం. అందుకే ఈ కథ.

తోటలో నీళ్ల గొట్టం

కథ అసలు మొదలు విండోస్‌లో కాదు, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో. అక్కడ డగ్ మెకిల్‌రాయ్ అనే శాస్త్రవేత్త 1964లోనే ఒక చిన్న కాగితం మీద తన ఊహ రాసిపెట్టారు. తోటలో నీళ్ల గొట్టానికి ఇంకో గొట్టం బిగించినట్టు, ఒక ప్రోగ్రామ్‌కు ఇంకో ప్రోగ్రామ్‌ను తగిలించగలగాలన్నది ఆ ఊహ. 1973లో అదే చోట కెన్ థాంప్సన్ యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాన్ని నిజం చేశారు. రెండు కమాండ్‌ల మధ్య ఒక నిలువు గీత పెడితే చాలు, మొదటిదాని నుంచి వచ్చినది రెండోదానిలోకి పారుతుంది. దాన్నే పైప్ అన్నారు.

కంప్యూటర్ చరిత్రలో ఇంత చిన్న గుర్తు ఇంత పెద్ద పని చేసిన సందర్భాలు తక్కువ. ఒక కమాండ్ వెతుకుతుంది, ఇంకొకటి వరుసలో పెడుతుంది, మరొకటి లెక్కపెడుతుంది. ఒక్కొక్కటీ ఒక్క పనే బాగా చేస్తుంది. నాలుగింటిని గీతలతో కలిపితే ఎవరూ ముందుగా రాసిపెట్టని కొత్త పనిముట్టు అప్పటికప్పుడు తయారవుతుంది.

అయితే ఆ గొట్టంలో పారేది అక్షరాలు మాత్రమే. యునిక్స్‌లో అది సహజం, ఎందుకంటే అక్కడ సిస్టమ్ సెట్టింగులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి. అక్షరాలను వెతికే, కోసే, అతికించే కమాండ్‌లు చేతిలో ఉంటే సిస్టమ్ మొత్తాన్ని నడపవచ్చు.

అరువు తెచ్చిన పనిముట్లు

స్నోవర్ 1999లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. అంతకుముందు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలోనూ, టివోలీలోనూ పనిచేశారు. పెద్ద పెద్ద సిస్టమ్‌లను దూరం నుంచి ఎలా నడపాలన్నదే ఆయన వృత్తి. విండోస్ అడ్మిన్లకు మంచి కమాండ్ లైన్ లేదన్న లోటు ఆయనకు వెంటనే కనబడింది. తీర్చే దారి కూడా సులువుగానే తోచింది: యునిక్స్‌లో కాలం పరీక్షించిన పనిముట్లు ఉన్నాయి కదా, వాటినే విండోస్ మీదికి తెస్తే సరి.

తెచ్చి చూశారు. అవి నడిచాయి, కానీ పనికి రాలేదు. కారణం వెతికితే అసలు సంగతి బయటపడింది. విండోస్‌లో సెట్టింగులు టెక్స్ట్ ఫైళ్లలో ఉండవు. కొన్ని రిజిస్ట్రీ అనే డేటాబేస్‌లో ఉంటాయి, కొన్ని యాక్టివ్ డైరెక్టరీలో, కొన్ని డబ్ల్యూఎంఐ అనే పొర వెనకాల. వాటిని అడగాలంటే ప్రోగ్రామ్ పద్ధతిలో అడగాలి. జవాబు అక్షరాల రూపంలో కాకుండా, పేరు, విలువ, రకం అంటూ అమర్చిన డేటాగా వస్తుంది. ఫైల్‌లో పదం వెతికే యునిక్స్ కమాండ్‌కు రిజిస్ట్రీని అప్పగిస్తే దానికి తలా తోకా తెలియదు. వరినాట్ల యంత్రాన్ని తెచ్చి కొబ్బరితోటలో దింపినట్టయింది. యంత్రం మంచిదే, నేల వేరు.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఇది విండోస్ లోపమని తీర్మానించేస్తారు. స్నోవర్ దీన్ని తిరగేసి చూశారు. విండోస్ లోపల ప్రతి వస్తువూ ముందే పేరూ ఊరూ ఉన్న డేటాగా ఉంటే, దాన్ని అక్షరాలుగా కరిగించి గొట్టంలో పోసి, అవతల మళ్లీ గడ్డకట్టించడం దేనికి? ఆ డేటానే నేరుగా గొట్టంలో పంపితే?

సరుకే పంపుదాం

ఈ ప్రశ్నలో ఎంత బలం ఉందో చిన్న ఉదాహరణతో చూద్దాం. సర్వర్ నెమ్మదించింది. మెమరీ ఎక్కువగా మింగుతున్న ప్రాసెస్‌లేవో చూసి వాటిని ఆపాలి. పాత పద్ధతిలో ప్రాసెస్‌ల జాబితా అడిగితే తెర మీదికి అక్షరాల పట్టిక వస్తుంది. మెమరీ అంకె నాలుగో గడిలో ఉందనుకుని స్క్రిప్ట్ ఆ గడిని కోస్తుంది. ఏదో ఒక ప్రాసెస్ పేరులో ఖాళీ ఉంటే గడులన్నీ ఒకటి పక్కకు జరుగుతాయి. కొత్త వెర్షన్‌లో పట్టికకు ఇంకో గడి చేరినా అంతే. స్క్రిప్ట్‌కు ఆ సంగతి తెలియదు. అది వేరే అంకెను మెమరీ అనుకుని వేరే ప్రాసెస్‌ను ఆపేస్తుంది. ఇలా కోసుకుని బతకడాన్ని స్నోవర్ ప్రార్థన మీద నడిచే పద్ధతి అనేవారు. సరిగ్గా కోసుకున్నామని అనుకోవడం, దేవుడికి దండం పెట్టుకోవడం.

పెళ్లి వంట జరిగే చోట స్టోర్ నుంచి వంటమనిషికి సరుకు వెళ్లాలి. సరుకు బదులు ఎవరో రాసిన సరుకుల చీటీ వెళ్తే, వంటమనిషి ఆ చేతిరాతను చదువుకుని, ఊహించుకుని, మళ్లీ సరుకు తెచ్చుకోవాలి. యునిక్స్ గొట్టంలో పారేది చీటీ. స్నోవర్ పంపుదామన్నది సరుకు. కంప్యూటర్ భాషలో దీన్ని ఆబ్జెక్ట్ అంటారు. ఒక ప్రాసెస్‌కు చెందిన ఆబ్జెక్ట్ గొట్టంలో వెళ్తే దాని పేరు, నంబర్, మెమరీ, మొదలైన సమయం, అన్నీ దానితోనే వెళ్తాయి. ఆపే వీలు కూడా దానితోనే వెళ్తుంది. మెమరీ ఎంత అని అడగాలంటే మెమరీ అనే పేరుతోనే అడగవచ్చు. గడులు లెక్కపెట్టే పనే లేదు.

ఇది సాధ్యం కావడానికి కాలం కూడా కలిసొచ్చింది. 2002 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌ను విడుదల చేసింది. ఏ ఆబ్జెక్ట్‌నైనా నీలో ఏమేం ఉన్నాయని అడిగితే చెప్పగల గుణం దానిలో ఉంది. స్నోవర్ దాని మీద ఒక నమూనా రాసి చూపించారు. బ్రూస్ పయెట్, జిమ్ ట్రూహర్ తోడయ్యారు. టైపు చేసిన కమాండ్‌లను అందుకుని నడిపేదాన్ని షెల్ అంటారు; ఈ కొత్త షెల్‌కు భాషను తీర్చిదిద్దడంలో పయెట్‌ది పెద్ద చెయ్యి.

2002 ఆగస్టులో స్నోవర్ తన ఆలోచననంతా ఒక పత్రంగా రాశారు. దాని పేరు మొనాడ్ మ్యానిఫెస్టో. జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్ 1714లో మొనాడ్‌ల గురించి రాశారు. ఇక విడదీయలేని అతి చిన్న మూలకాలు కలిసి ఈ లోకమంతా ఏర్పడిందన్నది ఆయన సిద్ధాంతం. చిన్న చిన్న కమాండ్‌లు కలిసి పెద్ద పని చేసే ఈ పనిముట్టుకు ఆ పేరు సరిగ్గా అమరింది.

కాగితం మీద అమరినంత సులువుగా కంపెనీలో అమరలేదు. విండోస్ అంటే బొమ్మల తెర, మౌస్ అని నమ్మిన రోజులవి. కమాండ్ లైన్ అంటే వెనక్కి నడవడమని భావించేవాళ్లు చాలామంది. ఈ పని తలకెత్తుకున్నందుకు తనను ఉద్యోగంలో ఒక మెట్టు కిందికి దించారని, పోయిన హోదా తిరిగి రావడానికి ఏళ్లు పట్టిందని స్నోవరే చాలాకాలం తర్వాత బహిరంగంగా చెప్పారు. అయినా ఆయన ఆ పని వదల్లేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే ఘట్టం ఇదే.

పేరులోనే పాఠం

ఆబ్జెక్ట్‌ల తర్వాత ఈ బృందం తీసుకున్న రెండో గొప్ప నిర్ణయం పేర్ల గురించి. యునిక్స్ కమాండ్‌ల పేర్లు చాలావరకు రెండు మూడు అక్షరాల్లో ముగుస్తాయి. తెలిసినవాడికి హాయి, కొత్తవాడికి అడవి. స్నోవర్ డిజిటల్ కంపెనీ రోజుల్లో వీఎంఎస్ అనే సిస్టమ్‌ను చూశారు. దాని కమాండ్‌లు మామూలు ఇంగ్లిష్ మాటల్లా ఉండేవి. ఐబీఎం వారి ఏఎస్ 400లో కమాండ్‌ల పేర్లన్నీ ఒకే సూత్రానికి కట్టుబడి ఉండేవి. ఈ రెంటి నుంచీ ఆయన నేర్చుకున్నారు.

కొత్త షెల్‌లో ప్రతి చిన్న కమాండ్‌కూ కమాండ్‌లెట్ అని పేరు పెట్టారు. దాని పేరులో రెండు భాగాలు, మధ్యలో అడ్డగీత. మొదటిది చేసే పని, రెండోది దేని మీద చేసేదీ. తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాటిని ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను. గెట్-ప్రాసెస్ అంటే ప్రాసెస్‌లను చూపించు. గెట్-సర్వీస్ అంటే సర్వీస్‌లను చూపించు. స్టాప్-సర్వీస్ అంటే ఆపు. ఇక సర్వీస్‌ను మొదలుపెట్టే కమాండ్ ఏమై ఉంటుంది? మీరు ఇప్పుడు మనసులో అనుకున్నదే: స్టార్ట్-సర్వీస్. చదవకుండానే ఒక కమాండ్ నేర్చుకున్నారు. ఈ అనుభవం మీకు కలగాలనే ఆ బృందం క్రియాపదాల జాబితాను కట్టుదిట్టం చేసింది. ఒకచోట డిలీట్, ఇంకోచోట ఎరేజ్ అని కాకుండా తీసేసే పనికి అన్నిచోట్లా రిమూవ్ అనే మాటే. రెండో భాగం ఎప్పుడూ ఏకవచనం.

కమాండ్‌లెట్ రాసే ప్రోగ్రామర్‌కు కూడా బరువు తగ్గించారు. టైపు చేసినదాన్ని అర్థం చేసుకోవడం, తప్పులు పట్టడం, ఫలితాన్ని పట్టికగా చూపించడం, ఇవన్నీ షెల్ చూసుకుంటుంది. అసలు పని రాస్తే చాలు. అందుకే వేర్వేరు బృందాలు రాసిన కమాండ్‌లు కూడా ఒకే ఇంటి పిల్లల్లా నడుచుకుంటాయి.

మొదట చేతులెత్తేయించిన రిజిస్ట్రీకి కూడా మందు దొరికింది. డి డ్రైవ్‌లోకి వెళ్లినట్టే రిజిస్ట్రీలోకి వెళ్లి, ఫోల్డర్లు చూసినట్టే అందులోని కీలు చూసే ఏర్పాటు చేశారు. అరువు పనిముట్లకు లొంగని నేలను సొంత నాగలి దున్నింది.

తలుపు గడియ

మొనాడ్‌ను 2003 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన డెవలపర్ల సమావేశంలో అందరికీ చూపించారు. 2005 జూన్‌లో మొదటి బీటా వచ్చింది. అదే ఏడు ఈ భాషలో వైరస్ రాయవచ్చని చూపే నమూనాలు కూడా బయటికొచ్చాయి. పాత గాయం అందరికీ గుర్తుంది. 2000 మే నెలలో ప్రేమలేఖ వేషంలో ఈమెయిల్‌లో వచ్చిన ఐలవ్‌యూ వైరస్ వీబీస్క్రిప్ట్‌లో రాసినదే. జనం అటాచ్‌మెంట్ మీద రెండుసార్లు నొక్కారు, అంతే, అది లోకమంతా పాకింది.

అందుకే ఈ కొత్త షెల్‌కు పుట్టుకతోనే గడియలు బిగించారు. దీని స్క్రిప్ట్ ఫైల్ మీద రెండుసార్లు నొక్కితే అది నడవదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. తొలి వెర్షన్‌లో మామూలుగా ఏ స్క్రిప్ట్‌నూ నడవనిచ్చేది కాదు. అడ్మిన్ తెలిసి అనుమతించాలి. ఉన్న ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌ను నడపాలన్నా ముందు చుక్క, వాలుగీత పెట్టి, ఇదే నాకు కావాలని స్పష్టంగా చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటిరోజే ఎర్ర అక్షరాల్లో వచ్చే ఈ నిరాకరణను చూసి విసుక్కుంటారు. అది గడియ అని తెలిస్తే విసుగు రాదు.

2006 ఏప్రిల్ 25న మొనాడ్ పేరును విండోస్ పవర్‌షెల్‌గా మార్చారు. అదే ఏడు నవంబర్ 14న బార్సిలోనాలో తొలి వెర్షన్‌ను విడుదల చేశారు. అందులో ఉన్న కమాండ్‌లెట్‌లు సుమారు 130.

పనిముట్టును నిలబెట్టేది దాన్ని నమ్మి వాడే తొలి పెద్ద గిరాకీయే. పవర్‌షెల్‌కు ఆ గిరాకీ ఎక్స్‌చేంజ్ సర్వర్ 2007. కంపెనీల ఈమెయిల్‌ను నడిపే ఈ సర్వర్ బృందం తమ నిర్వహణ మొత్తాన్ని పవర్‌షెల్ మీదే కట్టింది. మౌస్‌తో నొక్కే తెర కూడా లోపల అవే కమాండ్‌లు నడిపేది. పని పూర్తయ్యాక, మీరిప్పుడు చేసింది ఈ కమాండ్ అని చూపించేది కూడా. దాన్ని కాపీ చేసుకుని, పేరు మార్చి, వంద మెయిల్‌బాక్స్‌లకు వాడుకునే వీలుండేది. మౌస్ అలవాటున్న ఎందరో అడ్మిన్లకు ఆ తెరే బడి అయింది.

2009లో విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2లతో కలిసి రెండో వెర్షన్ వచ్చింది. ఉన్న చోటు నుంచే వందల సర్వర్లలో ఒకే కమాండ్ నడిపే శక్తి దానితో వచ్చింది. రెండు వందల సార్లు విండో తెరిచే పనికి అదే ముగింపు. విండోస్ సర్వర్ 2012 వచ్చేసరికి కమాండ్‌లెట్‌ల సంఖ్య రెండు వేలు దాటింది.

పుట్టింటికి చుట్టంగా

2001లో మైక్రోసాఫ్ట్ అధిపతిగా ఉన్న స్టీవ్ బామర్, యునిక్స్ పద్ధతిలోనే నడిచే లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. మన హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో ఆ కుర్చీలో కూర్చున్నారు. అదే ఏడు అక్టోబర్‌లో, మైక్రోసాఫ్ట్‌కు లైనక్స్ అంటే ప్రేమ అని వేదిక మీద తెర వేసి చూపించారు. ఆ గాలి పవర్‌షెల్‌ను కూడా తాకింది. 2016 ఆగస్టు 18న దాని సోర్స్ కోడ్‌ను గిట్‌హబ్‌లో అందరికీ తెరిచేశారు. లైనక్స్, మ్యాక్ కంప్యూటర్లకు కూడా ఇచ్చారు. 2018 జనవరిలో ఆరో వెర్షన్, 2020 మార్చిలో ఏడో వెర్షన్ ఈ కొత్త పునాది మీదే వచ్చాయి.

యునిక్స్ గొట్టం చూసి పుట్టిన షెల్ చివరికి యునిక్స్ కుటుంబం ఇంటికే వెళ్లింది. వెళ్లినప్పుడు మర్యాద కూడా పాటించింది. విండోస్‌లో పవర్‌షెల్ కొన్ని యునిక్స్ పేర్లను ముద్దుపేర్లుగా వాడుకునేది. లైనక్స్‌లో ఆ ఇంటివాళ్ల కమాండ్‌లకు అడ్డురాకుండా ఆ ముద్దుపేర్లను వదులుకుంది.

మొదటి అడుగు

ఇవాళ నేర్చుకోవడం మొదలుపెట్టేవాళ్లకు ఈ కథ నుంచి మూడు కమాండ్‌లు చాలు. మొదటిది గెట్-కమాండ్. మీకు కావలసిన పని చేసే కమాండ్ ఏదో అది వెతికి చెబుతుంది. సర్వీస్ అనే మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టి ఇస్తే పేరులో ఆ మాట ఉన్నవన్నీ వరుసగా చూపిస్తుంది. రెండోది గెట్-హెల్ప్. ఏ కమాండ్‌నైనా ఎలా వాడాలో ఉదాహరణలతో సహా చెబుతుంది. ముందుగా ఒకసారి అప్‌డేట్-హెల్ప్ నడిపితే పూర్తి పాఠం దిగుతుంది. మూడోది గెట్-మెంబర్. చాలామంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు. కథ తెలిసినవాళ్లు దాటకూడదు, ఎందుకంటే గొట్టంలో పారే సరుకు మూట విప్పి చూపించేది ఇదే. గెట్-ప్రాసెస్, నిలువు గీత, గెట్-మెంబర్ అని కొట్టి చూడండి. తెర మీద నాలుగైదు గడులే కనిపించిన ప్రాసెస్ లోపల ఎన్ని వివరాలున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఇంకో మాట. మొదటి వారం గెట్ అని మొదలయ్యే కమాండ్‌లే వాడండి. అవి చూపిస్తాయి, దేన్నీ చెడగొట్టవు. ఆపే, తీసేసే కమాండ్‌ల దగ్గరికి వచ్చినప్పుడు చివర అడ్డగీత పెట్టి వాట్‌ఇఫ్ అని చేర్చండి. నిజంగా నడిపితే ఏం జరుగుతుందో చెబుతుంది, చేయదు. సరిచూసుకుని ఆ మాట తీసేసి నడపండి. సర్వర్ మీద ఇతరుల జీతాలు, పరీక్షా ఫలితాలు, ఆసుపత్రి రికార్డులు ఉంటాయని మరవకండి. తొందర అక్కడ తప్పు కాదు, అపరాధం.

ఈ రోజే ఆ తెర తెరిచి గెట్-సర్వీస్ కొట్టండి. ఆ రెండు మాటలు అంత సులువుగా మీ వేళ్ల కింద పలకడానికి ఒక మనిషి తన హోదాను పణంగా పెట్టాడు.